భట్టిప్రోలు ఇటుకలు

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున భట్టిప్రోలు అను స్టేషను కలదు. నేడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ గ్రామములో ఒక ఇటుకల దిబ్బ ఉన్నది. క్రొత్తగా చూచినవారు దానిని కూలిన కోటగోడ యనుకొందురు. అది క్రీస్తుకు పూర్వము కట్టిన బౌద్ధ మహాస్తూపము.

దాని ఇటుక పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందము 8. నేటి ఇటుకలు ఐదారు కలిసినగాని దానికి సాటి రావు. కృష్ణకు ఆవలియొడ్డున ఘంటసాల స్తూపమును కట్టినవారు బండిచక్రపు ఆకులవలె లోగోడలు పెట్టి, నడుమ మట్టి నింపి, ఇటుక పొదుపు చేసిరి. భట్టిప్రోలువారు అట్లు చేయలేదు. సుమారు 148 అడుగుల వ్యాసముగల కట్టడము లోపలిదాక ఇటుకయే. ఆ నిండుతనమే దానికి చేటు తెచ్చినది.

బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట ఈ సీమలో కాలువలు, రోడ్లు సాగినవి. డెల్టా నేలలో రాయి అరుదు. ఇచ్చటనో ఇటుకల కొండయే సిద్ధముగా ఉన్నది! ఇటుకలు బాటల పాలైనవి. పాలరాతి పలకలు వెల్లటూరు తూము పనికి పోయినవి. ఏ శత్రుసైన్యమును వచ్చి పడగొట్టలేదు. పని తొందరలో నున్న ఇంజనీర్లు పడగొట్టించిరి. వారిని నిందించుట సులభమే. కాని ఆ కాలువల నీటితో పండిన అన్నమునే నాటినుండి ఈ సీమవారు తినుచున్నారు. అయినను, ఇటుకనైన మరల కాల్చుకొనవచ్చును. తూములో పరచిన పలక స్తూపమున ఎచ్చటిదో ఇక చెప్పగలవారెవరు?

1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించునాటికి నడిబొడ్డు మిగిలియున్నది. అందుండి మూడు రాతిపేటికలు బయల్పడినవి. ఇటుక దళసరియే వానిని కాపాడినది. పేటికలపై ప్రాకృత శాసనములున్నవి. కుబిరకుడను రాజు పేరు వానిలో కనబడును. జర్మన్ పండితుడు బ్యూలర్ వానిని చదివి ప్రకటించెను.

ఆ లిపిలో ఒక విశేషము కలదు. తక్కిన బ్రాహ్మీ లిపిలో హల్లును ఊరక వ్రాసిన చాలును, అకారము దానిలోనే యుండును. భట్టిప్రోలు లేఖకుడు అకారమునకును వేరొక గుర్తు పెట్టెను. పలకపై తలకట్టు దిద్దు మన పిల్లవానికి ఈ పద్ధతి వింతగా తోచదు.