నికాన్ వాళ్ల వీధి

టోక్యోలోని షినగావా వార్డులో, ఓయిమాచి నుంచి నిషి-ఓయి స్టేషన్ వైపు సాగే రోడ్డు పేరు కోగాకు-దోరి. 1917లో పుట్టిన నిప్పాన్ కోగాకు కంపెనీ, అంటే నేటి నికాన్, ఆ వీధికి తన పేరిచ్చింది. 2024లో కంపెనీ ప్రధాన కార్యాలయం మళ్లీ ఈ పేటకే చేరింది. వెంట మ్యూజియాన్నీ తెచ్చుకుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ కంపెనీ పని సైన్యానికి బైనాక్యులర్లు, దూరం కొలిచే పరికరాలు చేసివ్వడం. ఓటమి తర్వాత ఆ ఆర్డర్లు పోయాయి. అప్పుడు కెమెరాలకు దిగి 1948లో తొలి నికాన్ తెచ్చారు. 1950లో ‘లైఫ్’ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ ఇక్కడి లెన్సులతో కొరియా యుద్ధాన్ని తీశాక అమెరికా ఇటు చూసింది.

ఇక 1959 నాటి నికాన్ ఎఫ్. రూపురేఖలు దిద్దింది యూసాకు కామెకురా. 1964 టోక్యో ఒలింపిక్స్ చిహ్నం గీసింది కూడా ఆయనే. అంతకుముందున్న ఎస్‌పీ మోడల్‌ను మధ్యకు కోసి అద్దం, ప్రిజం ఇరికించినట్టుంటుందీ కెమెరా. పాత వాసనలు పోలేదు. ఫిల్ము వేయాలంటే తలుపు తెరవడం కాదు, అడుగుతో సహా వెనక భాగమంతా ఊడి చేతికొస్తుంది. రోడ్డు మీదైతే దాన్ని చంకలో పెట్టుకోవాల్సిందే! షట్టర్ బటన్ మరీ వెనక్కి ఉంటుంది, చూపుడువేలు వంచాలి. లెన్సు బిగించే దిశా మిగతా కంపెనీలకు తిరకాసే. అపర్చర్ ఎంతో కాంతి మీటరుకు అందించే లెన్సు మీది లోహపు కొమ్ముల్ని జపాన్‌లో పీత డెక్కలంటారు. ఎఫ్‌టీఎన్ మీటరున్న మోడల్లో అపర్చర్ 5.6 దగ్గర పెట్టి లెన్సు తగిలించి, రింగును ఆ చివరికీ ఈ చివరికీ తిప్పితేగానీ మీటరుకు లెక్క అందదు.

ఇంత చాదస్తాన్ని ఎందుకు భరించారు? వ్యూఫైండర్‌లో కనిపించిందంతా ఫిల్ముపై పడుతుంది. టైటానియం రేకు తెరల షట్టర్, సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా, బ్యాటరీ లేకుండానే నడుస్తుంది. ఫైండరు, స్క్రీను, వెనక తలుపు, దేన్నయినా ఊడదీసి మరోటి పెట్టుకోవచ్చు. వార్తా ఫొటోగ్రాఫర్లకు కావాల్సింది అదే. బ్రిటన్ ఫొటోగ్రాఫర్ డాన్ మెకల్లిన్‌కు తగలాల్సిన తూటాను ఆపింది ఈ కెమెరాయే.

ఇప్పుడు కొనేవారికి నా సలహా: మీటరున్న ఫైండర్ల జోలికి పోవద్దు. వాటికి సరిపడే పాత పాదరసం బ్యాటరీల తయారీ ఆగిపోయింది. సాదా ప్రిజం ఉన్నదే తీసుకోండి, ధర ఎక్కువైనా. ముందు కళ్లారా చూడాలంటే నిషి-ఓయి మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఆదివారం మాత్రం వెళ్లకండి, సెలవు.