హార్మోనియము మెట్లు, అంకెల లెక్కలు

పలాస, టెక్కలి ప్రాంతములందును, కవిటి మొదలు వజ్రపుకొత్తూరు వరకు సముద్రము నానుకొనియున్న ఉద్దానపు గ్రామములందును భజన యనగానే తాళములతోపాటు స్ఫురించునది హార్మోనియము. పాటగాడు కూర్చుండి ‘ఒకటిన్నర’ అనును. పెట్టె వాయించువాడు ఆ మెట్టు పట్టును. గొంతు లేచిన పిదప ‘రెండుకు పెంచు’ అను కోరిక వచ్చును. వాయించువాని వ్రేళ్లు ఆ క్షణముననే వేఱు దారి పట్టవలెను. ఈ అంకెలేమి, ఈ దారి మార్పేమి అని అడిగినచో ‘అలవాటు’ అని బదులు వచ్చును. నిజమే. కాని ఆ అలవాటునకు అడుగున నొక గణితమున్నది. ఆ గణితమును కంప్యూటరుచేత చేయించు చిన్న ప్రోగ్రామును గూర్చి ఇచట చెప్పదలచితిమి.

కంప్యూటరు అనగానే బొమ్మలు, రంగులు, వ్రేలితో నొక్కు గుర్తులు మనకు తోచును. ఈ ప్రోగ్రామున కవి యేవియు లేవు. నల్లని తెర, దానిపై ఒక పంక్తి, అంతే. ఆ పంక్తిలో ప్రశ్నను టైపు చేసినచో క్రింది పంక్తిలో సమాధానము వచ్చును. ఇట్టివానిని కమాండ్ లైన్ ప్రోగ్రాము లందురు. తంతి సౌకర్యము మన దేశమున 2013లో నిలిచిపోయినది గాని, మాటకు ఖర్చు లెక్కించుకొని వ్రాయు ఆ పొదుపు ఎఱిగినవారికి ఈ పద్ధతి వెంటనే బోధపడును. పైథాన్ వంటి భాషలో వ్రాసినచో, మనము చెప్పుకొనబోవు లెక్కలన్నిటికిని నూరు నూటయేబది పంక్తులు చాలును.

మొదట శ్రుతి మార్పు సంగతి చూతము. ఒక స్థాయిలో హార్మోనియమునకు పండ్రెండు మెట్లు: తెల్లనివి ఏడు, నల్లనివి ఐదు. ఆధార షడ్జమునకు 0 అని పేరిడినచో మాయామాళవగౌళ స్వరములు 0, 1, 4, 5, 7, 8, 11 స్థానములం దుండును. ‘ఒకటి’ శ్రుతిలో వానిలో ఐదు తెల్లమెట్లు, రెండు నల్లమెట్లు. శ్రుతిని ‘రెండు’కు పెంచినచో ప్రతి అంకెకును 2 కలుపవలెను, పండ్రెండు దాటినదానిలో పండ్రెండు తీసివేయవలెను. అప్పుడు అవే స్వరములకు తెల్లమెట్లు మూడు, నల్లమెట్లు నాలుగు వచ్చును. ప్రోగ్రాము దీనిని కనురెప్పపాటులో చెప్పును. భజనలోని పెట్టెగాడును అంత వేగముగనే చేయును. కాని క్రొత్తగా నేర్చుకొను పిల్లవానికి ఈ కూడిక ఎవరును విడమరచి చెప్పరు. అందువలన ‘ఒకటిన్నర’లో తప్ప మఱియొక శ్రుతిలో వాయింపలేనివారు పల్లెలలో పెక్కుమంది కలరు.

రెండవది మేళకర్తల లెక్క. విజయనగర రాజ్యమున రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ని రచించెను. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి తన ‘చతుర్దండీప్రకాశిక’లో స్వరములను గణితశాస్త్రజ్ఞునివలె పేర్చి డెబ్బదిరెండు మేళములు సాధ్యమని తేల్చెను. రిషభ గాంధారముల జంటలు ఆరు, ధైవత నిషాదముల జంటలు ఆరు, మధ్యమములు రెండు: ఆరును ఆరుచేతను, దానిని రెండుచేతను గుణించిన డెబ్బదిరెండు. ఆ కాలమున ఇన్ని మేళములందును రాగములు ప్రచారములో లేవు. కాని గడులు సిద్ధముగా నున్నవి. తరువాతి వాగ్గేయకారులు వానిని నింపిరి.

మేళసంఖ్య తెలిసినచో స్వరములను రాబట్టుట యెట్లు? మేచకల్యాణి 65వ మేళము. అది 36కంటె పెద్దది గనుక ప్రతిమధ్యమము. 65లోనుండి 36 తీసివేయగా 29. దానిలో ఒకటి తగ్గింపగా 28. దానిని ఆరుచేత భాగింపగా భాగఫలము 4, శేషము 4. జంటలను సున్నతో మొదలిడి లెక్కించినచో, భాగఫలము 4 అనగా చతుశ్శ్రుతి రిషభము, అంతర గాంధారము. శేషము 4 అనగా చతుశ్శ్రుతి ధైవతము, కాకలి నిషాదము. కల్యాణి సిద్ధించినది. 36 తీసివేయగా మిగులు 29వ మేళము ధీరశంకరాభరణము. దానికి మధ్యమ మొక్కటే భేదము. కంప్యూటరున కిది ఒక తీసివేత, ఒక భాగహారము.

పేరునుండి సంఖ్యను పట్టుకొనుట ఇంతకంటె సరసమైన పని. కటపయాది సూత్రము ప్రకారము క, ట, ప, య అక్షరములకు ఒకటి. అచటినుండి వరుసగా అంకెలు పెరుగును. ఞ, న అక్షరములకు సున్న. రాగనామమునందలి మొదటి రెండక్షరముల అంకెలను తలక్రిందుగా చదువవలెను. ఖరహరప్రియలో ఖ 2, ర 2, అది 22. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరుగవేయగా 15. ఇంతవరకు సుఖమే. చిక్కంతయు సంయుక్తాక్షరము వచ్చునప్పుడు. ‘రత్నాంగి’లో త్న అనుచోట చివరి హల్లు నకారమును తీసికొనవలెను, అప్పుడే 2వ మేళము వచ్చును. తకారమును తీసికొన్నచో 62 వచ్చి అది రిషభప్రియ యగును. పోనీ, ఎల్లప్పుడును చివరి హల్లునే తీసికొమ్మని యంత్రమునకు చెప్పుదమా? ‘చక్రవాకము’లో రకారమును పట్టుకొని 26 అనును, అది చారుకేశి సంఖ్య. ఇచట కకారమును గ్రహించినగాని సరియైన 16 రాదు. ‘దివ్యమణి’, ‘విశ్వంభరి’ కూడ చక్రవాకము దారినే పోవును. ఇక ‘సింహేంద్రమధ్యమము’ను తెలుగులిపిలో ఉన్నదున్నట్లు టైపు చేసినచో స 7, హ 8 అని చదివి 87వ మేళమని చెప్పును. డెబ్బదిరెండు మేళములలో 87వది ఎక్కడిది? మన నాలుక పలుకు మకారము లిపిలో సున్నలో దాగియున్నది. దానిని లెక్కించినగాని 57 రాదు. కావున ప్రోగ్రాము వ్రాయువాడు ఇట్టి పేర్లకు వేఱుగ నొక పట్టిక పెట్టుకొనక తప్పదు. మా అభిప్రాయమున ఈ పట్టికను విద్యార్థిచేతనే తయారు చేయించుట మంచిది. ఏ పేరు సూత్రమునకు లొంగదో వెదకుటలో డెబ్బదిరెండు పేర్లును తమంతతామే కంఠస్థమగును.

మూడవ లెక్క కంపనములది. ఇది హార్మోనియమున కొకప్పుడు ప్రాణాంతకమైన లెక్క. లెక్కకు సులువగునని షడ్జమునకు సెకనునకు 240 కంపనములనుకొందము. శుద్ధమైన పంచమము దానికి ఒకటిన్నర రెట్లు, అనగా 360. శుద్ధమైన అంతర గాంధారము ఒకటింబాతిక రెట్లు, అనగా 300. తంబురాను చక్కగా శ్రుతి చేసినప్పుడు అందు అస్పష్టముగా వినవచ్చు గాంధార మిదియే. అయితే 240తో మొదలిడి పండ్రెండుమారులు పంచమమునకు పంచమము పట్టుచు, స్థాయి దాటినపుడెల్ల క్రిందికి దించుకొనుచు వచ్చినచో మరల 240నకు చేరము, ఇంచుమించు 243.3 వద్ద తేలుదుము. వలయము మూతపడదు. ఈ మూడు చిల్లర కంపనముల భేదమును పండ్రెండు మెట్లకును సమానముగా పంచిపెట్టుటయే సమవిభాగ పద్ధతి. ప్రతి మెట్టును క్రింది మెట్టునకు 1.05946 రెట్లుండును. అందువలన పెట్టెపై ఏ మెట్టునైనను షడ్జము చేసికొనవచ్చును. ‘రెండుకు పెంచు’ అనగానే పెంచగల్గుట ఆ పంపకము వలననే.

దానికి చెల్లించిన వెల యెంత? ప్రోగ్రామును అడిగినచో పంచమము 360కి బదులు 359.59 అని చెప్పును, పోనిమ్మనవచ్చును. గాంధారము మాత్రము 300కు బదులు 302.38. ఈ యెడమును సెంట్లలో కొలుతురు. భూమిని సెంట్లలో కొలుచు మన రైతులకు ఈ మాట వింతగాదు: ఎకరమునకు నూరు సెంట్లయినట్లే, ఒక మెట్టునుండి ప్రక్కమెట్టునకు నూరు సెంట్లు. గాంధారమున దాదాపు పదునాలుగు సెంట్లు గట్టు దాటినవి. ధైవతము సంగతి మఱియు చిత్రము. శుద్ధ ధైవత స్థానమున కొక మెట్టు పైనున్న చతుశ్శ్రుతి ధైవతమును ఒక లెక్కలో 400 అనియు, మఱియొక లెక్కలో 405 అనియు చెప్పుదురు. హార్మోనియమున అది 403.6. రెండు పొలములకును చెందక గట్టుమీద నిలిచినది.

ఈ పదునాలుగు సెంట్లు, స్వరమునుండి స్వరమునకు జారుటకు వీలులేని బిగువు, విదేశీయమన్న ఆక్షేపణ కలిసి హార్మోనియమును రేడియోనుండి వెలివేసినవి. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగమును చూచిన జాన్ ఫోల్డ్స్ 1938లో ‘ది ఇండియన్ లిజనర్’లో ఆ వాద్యమును తీవ్రముగా విమర్శించెను, అదియు ఇట్టి కార్యక్రమ పత్రికయే. లయొనెల్ ఫీల్డెన్ రేడియో అధిపతిగా నుండగా 1940 మార్చి 1వ తేది నుండి హార్మోనియము నిషిద్ధమైనది. 1971 వరకు ఆ నిషేధము సాగినది. పిమ్మట పరిమితులతో సడలినది. ముప్పది యేండ్లు రేడియోలో వినరాని నాదము ఊరి రామమందిరములో ప్రతి శనివారము వినవచ్చుచునే యుండెను. శాస్త్రము ప్రకారము ఆక్షేపణ సరియైనదే. కాని కోరస్సుగా పదిమంది పాడుచోట, తాళముల హోరులో, పదునాలుగు సెంట్లను ఎవరు వినిరి? నిషేధించినవారు కచేరీని తలచిరి; భజనను తలచినట్లు తోచదు.

అయితే ఒక బాధ కలదు. పెట్టెతోనే స్వరము నేర్చుకొన్న పిల్లలకు ఆ 302.38 చెవిలో స్థిరపడును. తరువాత తంబురా ముందు కూర్చున్నప్పుడు గాంధారము పైకి పోవుచున్నదని గురువు మందలించును. ఎందులకో పిల్లకు తెలియదు. సంగీతము చక్కగా నేర్వదలచిన ఉద్దానపు పిల్లలకు కళాశాల అనగా 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రథమాధ్యక్షులుగాను, తరువాత ద్వారం వేంకటస్వామినాయుడు గారు అధ్యక్షులుగాను వెలసిన విజయనగరము కళాశాలయే. పలాసలో రైలెక్కి పోవలసిన దూరము. ఇంటివద్ద సరిచూచుకొను సాధన మొకటి యుండుట వారికి నిజముగా అవసరము. సాక్స్ అను ఉచిత ప్రోగ్రాము 1991 నుండి కలదు. సరిగా 300 కంపనముల నాదమును వినిపింపుమని ఒక్క పంక్తిలో ఆజ్ఞాపించినచో వినిపించును. 302.38ని కూడ ప్రక్కన వినిపించి చూపవచ్చును.

పాత కంప్యూటరైనను, చిన్నదైనను ఇట్టి ప్రోగ్రాములకు చాలును, నెట్టు అక్కఱలేదు. ఇది స్వల్పవిషయము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువలో తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్ స్తంభములును కూలినవి. పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టి తీరమున, దూరపు యంత్రములపై నాధారపడని సాధనమునకే విలువ యెక్కువ.

ప్రోగ్రాము చెప్పలేనిదియు గలదు. తోడిలోని గాంధారమునకు అది ఒక్క అంకె నిచ్చును. పాడువాని కంఠమున ఆ గాంధారము ఒకచోట నిలువదు, ఊగుచుండును. జముకుల కథలో జముకు తంత్రిని వదులుచు బిగించుచు పలికించు నాదమునకు మెట్టుసంఖ్య యేమని చెప్పగలము?

ఇంట హార్మోనియమున్నవారు ఈ లెక్కను చెవితోనే పరీక్షింపవచ్చును. తిత్తి నెమ్మదిగా నొత్తుచు షడ్జమును, పంచమమును కలిపి పట్టుడు. షడ్జము 240 వద్దనుండి సమవిభాగపు శ్రుతి చేసియున్నచో నాదము నెమ్మదిగా ఉబ్బి తగ్గుచుండును. పది సెకన్లకు సుమారు ఎనిమిది మారులు. ఇప్పుడు పంచమమును వదలి అంతర గాంధారమును పట్టుడు. ఆ ఊపు సెకనునకు తొమ్మిది పది మారులై, లెక్కింపరాని గరగరగా మారును. ‘ఒకటి’ శ్రుతిలో షడ్జము 261.6 గనుక ఆ గరగర మఱికొంత వేగముగా నుండును. సముద్రపుగాలికి రీడులు చిలుమెక్కిన పాతపెట్టెలో అంకెలు వేఱుగా రావచ్చును. అట్లు వచ్చినచో వానిని వ్రాసియుంచుకొని, పెట్టె మరమ్మతు చేయువానికి చూపుడు. ఏ రీడును గీకవలెనో అతడు గుర్తించుటకు అవి పనికివచ్చును.