పొగలో ఊపిరి పోసే యంత్రం

మంటల్లోకి వెళ్లే అగ్నిమాపక సిబ్బంది వీపున ఉండే సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉండేది మనందరం పీల్చే గాలే. దాన్ని శుభ్రపరచి, వాతావరణ పీడనానికి సుమారు 300 రెట్ల ఒత్తిడితో నింపుతారు. ఆ గాలిని వీపున మోసుకెళ్లే దశకు చేరడానికి మనిషికి వందేళ్లకు పైనే పట్టింది.

1823లో ఇంగ్లండ్‌లో చార్లెస్ డీన్ పొగ హెల్మెట్‌కు పేటెంట్ పొందాడు. బయటినుంచి తిత్తితో ఊదిన గాలి గొట్టం గుండా తలమీది రాగి తొడుగులోకి చేరేది. గొట్టం ఎంత పొడవుంటే అంతవరకే నడక. నిప్పు దగ్గర ఆదరణ దొరకని ఈ తొడుగు తర్వాత సముద్రంలో మునిగేవాళ్ల శిరస్త్రాణానికి మూలమైంది.

1870ల తొలినాళ్లలో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ మరో దారి పట్టాడు. గ్లిజరిన్‌తో తడిపిన దూది మసిని పట్టేస్తుంది, బొగ్గు ఘాటు ఆవిర్లను పీల్చుకుంటుంది. ఈ రెండూ కూర్చి ఆయన చేసిన మాస్కుతో దట్టమైన పొగగదిలోనూ నిలబడగలిగారు. అయినా రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్‌ను దూది ఆపలేదు. గదిలో ఆక్సిజన్ తరిగిపోతే ఏ వడపోతా దాన్ని పుట్టించలేదు.

అందుకే గాలిని వెంట తీసుకెళ్లక తప్పలేదు. విమానాలకు ఆక్సిజన్ పరికరాలు చేసిన అమెరికన్ సంస్థ స్కాట్ 1945లో 'ఎయిర్‌పాక్' తెచ్చింది. ఉక్కు సిలిండర్ల బరువుకు విసిగి చాలామంది వాటిని తగిలించుకోకుండానే పొగలోకి దూకేవారు. 1971లో నాసా రంగంలోకి దిగింది. రాకెట్ మోటార్ల తొడుగుల పరిజ్ఞానంతో అల్యూమినియం పాత్రకు గాజు నార చుట్టి, సెట్టు బరువును మూడో వంతు తగ్గించి తొమ్మిది కిలోల దగ్గరికి తెచ్చింది.

నేటి ఆరు లీటర్ల సిలిండర్‌లో దాదాపు 1,800 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 45 నిమిషాలు వస్తుంది. బరువుతో మెట్లెక్కితే ఇంకా ముందే అయిపోతుంది. మాస్కు లోపల బయటికన్నా కాస్త ఎక్కువ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, అంచు వదులైనా గాలి బయటికి పోతుందే తప్ప విషం లోపలికి రాదు. గాలి అడుగంటుతుంటే ఈల మోగుతుంది.

ఇంత మంచి యంత్రం ఉన్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమాకూ, మూత్రాశయ క్యాన్సర్‌కూ తగిన ఆధారాలున్నాయని తేల్చింది. మంట ఆరాక శిథిలాలు తిరగేసే వేళ మాస్కు తీసేయడం ఒక పొరపాటు. పొగ కనిపించకపోయినా బెంజీన్, ఫార్మాల్డిహైడ్ అక్కడే ఉంటాయి. మసిలోని విషాలు మెడ చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతాయి. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఘటనాస్థలంలోనే సబ్బునీళ్లతో రుద్ది కడిగితే దుస్తులపై మసిలోని పీఏహెచ్ అనే విష రసాయనాలు 85 శాతం తగ్గాయి. తడి తుడుపు కాగితాలతో మెడను తుడిస్తే 54 శాతం తగ్గాయి.

1944 బొంబాయి రేవు పేలుళ్లలో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బందిని ఏటా ఏప్రిల్ 14న దేశం స్మరించుకుంటుంది. బతికున్నవారినీ అంతే శ్రద్ధగా కాపాడుకుందాం. ప్రతి అగ్నిమాపక కేంద్రానికీ సిలిండర్‌తో పాటు మారు జత దుస్తులు, ఉతికే ఏర్పాటు, స్నానపు గది అందాలి. శిథిలాల పని ముగిసేదాకా మాస్కు ముఖం మీదే ఉండాలి.