వీపు మీద తేలే ఎముక

మీ స్నేహితుల్లో ఒకరిని మీకు వీపు చూపి నిలబడమనండి. వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న రెక్క ఎముకల్లో ఒకదాని కింది మొన మీద బొటనవేలు ఆనించండి. ఆ వైపు చేతిని పక్కనుంచి మెల్లగా పైకెత్తమనండి. మొదట్లో మొన అంతగా కదలదు. చెయ్యి పైకి పోయేకొద్దీ అది మీ వేలి కిందనుంచి జారి చంక వైపు వెళ్తుంది. చెయ్యి నిట్టనిలువుగా లేచేసరికి తిరిగిన 180 డిగ్రీల్లో సుమారు 120 మాత్రమే భుజం కీలువి. తక్కిన 60 ఈ రెక్క ఎముకవి!

మూడు మూలల ఈ ఎముక కొన్నిచోట్ల వెలుతురు కనిపించేటంత పలచగా ఉంటుంది. రెండవ పక్కటెముక నుంచి ఏడవదాని దాకా కప్పుతుంది. అయినా పక్కటెముకలతో దానికి కీలు లేదు, వెన్నెముకతోనూ లేదు. గొంతు కింద అడ్డంగా చేతికి తగిలే జత్రుక ఒక్కటే దాన్ని రొమ్ము ఎముకతో కలుపుతుంది. మిగిలిన పట్టంతా 17 కండరాలది. గుర్రానికి ఆ జత్రుక కూడా లేదు! ముందుకాళ్ళను మొండేనికి కట్టి ఉంచేవి కండరాలే. పరుగెత్తడానికి అది చాలు. కొమ్మ పట్టుకొని వేలాడే కోతికి చాలదు, మనకూ చాలదు.

ఇక కీలు సంగతి. పాఠ్యపుస్తకం దీన్ని బంతిగిన్నె కీలు అంటుంది. తుంటి దగ్గర ఆ పేరు చక్కగా సరిపోతుంది, అక్కడి గిన్నె లోతైనది. భుజం దగ్గర ఉన్నది గిన్నె కాదు, చిన్న పళ్ళెం. నన్నడిగితే దీన్ని పళ్ళెంలో నిమ్మకాయ అంటాను. భుజాస్థి తలలో ఏ క్షణాన చూసినా మూడోవంతుకు మించి ఆ గుంటకు ఆనదు. గుంట అంచు చుట్టూ మృదులాస్థి కట్ట ఒకటి ఉంటుంది. నాలుగు కండరాల కొసలు ముందు, పైన, వెనక నుంచి తలను గుంటకేసి అదిమి పడతాయి. కింది వైపు మాత్రం కాపలా లేదు.

చెయ్యి అన్ని దిక్కులకూ తిరగడానికి మనం చెల్లించే మూల్యం ఇదే. పెద్ద కీళ్ళలో అందరికంటే ఎక్కువగా తప్పేది భుజమే. కబడ్డీలో చెయ్యి వెనక్కి మెలిపడితే ఎముక తల చాలామటుకు ముందుకు జారిపోతుంది. భుజం గుండ్రదనం పోయి మూల తేలినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు "నేను లాగి సరిచేస్తా" అని ముందుకొస్తారు. లాగనివ్వకండి! పక్కనే నరమూ, చేతికి రక్తం తెచ్చే నాళాలూ ఉన్నాయి, అవి దెబ్బతినవచ్చు. చెయ్యి ఉన్న తీరునే ఉంచి, తువ్వాలుతో మెడకు వేలాడగట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టర్లు సాధారణంగా ఎక్స్‌రే తీసి, ఎముక విరిగిందేమో చూసుకొని కీలు ఎక్కిస్తారు. తరువాత కొన్ని వారాలు ఆట మానమంటారు. చిరిగిన అంచు సరిగా అతుక్కోకపోతే కీలు మళ్ళీ తప్పుతుంది, మీ వయసువారిలో ఇది మరీ ఎక్కువ.