క్లారినెట్‌కు కొత్త ప్యాడ్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పెళ్లి బరాత్ ముందు నడిచే బ్యాండు మేళంలో పాట వరుసను పలికించే వాద్యాల్లో క్లారినెట్ ఒకటి. సన్నాయికీ వేణువుకూ ఉన్న రంధ్రాలను వాద్యకారుని వేళ్లే నేరుగా మూస్తాయి గనుక వాటికి మూతలతో పని లేదు గాని, క్లారినెట్‌లో వేళ్లకు అందని చోట్ల ఉండే రంధ్రాలను మూయడానికి లోహపు మీటలు, వాటి చివర గిన్నెల వంటి చిన్న మూతలు, ఆ మూతల్లో ప్యాడ్లు ఉంటాయి. అట్టబిళ్ల మీద ఫెల్ట్, అంటే ఒత్తి దట్టంగా చేసిన ఉన్ని, పరచి, దానిపై పశువుల పేగు నుంచి తీసిన పలుచని పొరనో తోలునో తొడిగితే అది ప్యాడ్ అవుతుంది.

ప్యాడ్లు మొదటి నుంచీ ఇలా లేవు. యూరప్‌లో ఆరు ప్రధాన రంధ్రాలను వేళ్లతో మూస్తూ, వాటి స్వరాల నడుమ వచ్చే స్వరాలకు మీటలు వాడే పాత పద్ధతి చెక్క ఫ్లూట్లను సింపుల్ సిస్టం ఫ్లూట్లు అంటారు. వాటిలో, తొలినాటి క్లారినెట్లలో మీట కింద ఉండేది చదునైన తోలుముక్క మాత్రమే కావడం వల్ల గాలి కారిపోవడం మామూలుగా ఉండేది. ఇవాన్ ముల్లర్ అనే వాద్యకారుడు ఉన్ని కూరిన మెత్తని ప్యాడ్లతో 13 మీటల క్లారినెట్‌ను రూపొందించి 1812లో పారిస్ సంగీత విద్యాలయం ముందుంచితే అక్కడి పండితులు దానిని తిరస్కరించారు; అయినా ఆ ప్యాడే నిలిచింది, పండితుల తీర్పు నిలవలేదు.

క్లారినెట్‌లో పైభాగాన ఒక్క ప్యాడ్ సరిగా మూసుకోకపోయినా దాని కింది స్వరాలన్నీ బలహీనపడతాయి గనుక, కింది స్వరం పలకడం లేదని కింది మీటనే అనుమానించడం చాలాసార్లు పొరపాటవుతుంది. ఊపిరిలోని తేమకు ప్యాడ్ పై పొర ఉబ్బి చిట్లుతుంది. ఉత్తర తెలంగాణ ఎండకు ఫెల్ట్ ఎండి గట్టిపడుతుంది, చెక్క కూడా కుంచించుకుపోయి మీటలను పట్టి ఉంచే స్తంభాలు వదులవుతాయి. కాబట్టి ప్యాడ్ మార్చే ముందు ఆ స్తంభాల బిగువునూ, మీటను వెనక్కి లాగే స్ప్రింగునూ, రంధ్రపు అంచు చిట్లిందేమోననీ చూడడం అవసరం, ఎందుకంటే అంచు దెబ్బతింటే ఎంత మంచి ప్యాడ్ వేసినా గాలి ఆగదు.

ప్యాడ్‌ను మూతలో నిలబెట్టేది లక్క. కంసాలి పనిలో ఎప్పటి నుంచో వాడే ఈ పదార్థం వేడికి మెత్తబడి చల్లారగానే బిగుసుకుంటుంది గనుక, ప్యాడ్ వంకరగా కూర్చుంటే మళ్లీ వేడి చేసి సరిదిద్దుకునే వీలుంటుంది. ఒకసారి అతికితే కదలని నేటి జిగుర్లు ఈ పనికి తగవు. మీటను విప్పి, మూతను స్పిరిట్ దీపం మీద కొద్దిగా వేడి చేసి పాత ప్యాడ్‌ను తీసి, మూత లోపలి కొలతకు సరిపడే కొత్తదానిని లక్క కరిగించి కూర్చోబెడతారు. తరువాత మీటను తిరిగి బిగించి, మంట చెక్కకు తగలకుండా మూతను మాత్రం వెచ్చచేసి, ప్యాడ్‌ను రంధ్రం మీద సమంగా ఆనేలా సర్దుతారు. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది: ప్యాడ్ మందమైతే మీట ఇరుసు వైపు ముందుగా ఆని ఎదుటి వైపు సందు మిగులుతుంది, పలుచనైతే ఇందుకు తలకిందులవుతుంది.

ప్యాడ్ సమంగా ఆనిందో లేదో చూడడానికి, సిగరెట్టు కాగితపు సన్నని పట్టీని దాని కింద పెట్టి, మీటను మెల్లగా మూసి లాగితే చుట్టూ ఒకే పట్టు తగలాలి. (తునికాకు బీడీలు చుట్టే ఈ ఊళ్లలో ఆ కాగితం వెతికి తెచ్చుకోవలసి రావచ్చు.) ఆ తరువాత గొట్టం కింది చివరను అరచేతితో గాని బిరడాతో గాని మూసి, రంధ్రాలన్నీ మూసి ఉంచి పై నుంచి గాలి పీల్చితే, లోపలి శూన్యం క్షణకాలమైనా నిలవాలి.

వాయించిన ప్రతిసారీ గొట్టం లోపలి తేమను గుడ్డతో లాగి తుడిస్తే ప్యాడ్ల ఆయుష్షు పెరుగుతుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద విరివిగా నేసే పాలిస్టర్ తేమను సరిగా పీల్చదు, ఇందుకు పాత నూలు గుడ్డే మేలు. చెక్క పగలనంత వరకు స్వరం తప్పిన క్లారినెట్‌ను మూలన పడేయడం తొందరపాటు. పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యే ముందే ప్యాడ్లన్నీ పరీక్షించి, డబ్బు చాలకపోతే పైభాగంలోని వాటినైనా మార్పించుకోవాలి.