మాట వినెడు యంత్రము

రేడియో పెట్టె మన యింట మాటలాడును గాని మన మాట వినదు. వార్తలు చదువుచున్న వారిని 'కొంచెము నెమ్మదిగా చదువుడు' అని మనమెంత కోరినను ఆ కోరిక మన గది గోడలను దాటదు. ఇటీవల మన చేతికి వచ్చిన ఫోను అట్టిది కాదు. అది మాటలాడును, వినును, విన్నదానిని వ్రాసి చూపును, చెప్పిన పనికి పూనుకొనును. తెలుగున 'మాట వినుట' అను పలుకుబడికి రెండర్థములు కలవు. పిల్లవాడు మాట వినుట లేదని తల్లి చెప్పినప్పుడు వానికి చెవుడు వచ్చినదని ఎవరును అనుకొనరు. యంత్రము విషయమున ఈ రెండర్థములును పెనవేసికొని యున్నవి. సరిగా వినని యంత్రము చెప్పినట్లు చేయజాలదు. సరిగా వినకయే విన్నట్లు తలచి పని ముగించు యంత్రము మరింత ప్రమాదకరము. యంత్రమునకు వినికిడి ఎట్లు అబ్బినదో, తెలుగు మాట దగ్గర అది ఎక్కడ తడబడునో ఇచ్చట వివరింప దలచితిమి.

మనము మాటలాడునప్పుడు ఎదుటి గాలి యొత్తిడి హెచ్చుచు తగ్గుచు నుండును. మైకు ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మార్చును. ఇంతవరకు రేడియో స్టూడియోలో జరుగు పనియే. కంప్యూటరు ఆ విద్యుత్తును సాధారణముగా సెకనుకు 16,000 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఆ అంకెలను సెకనులో నలుబదవ వంతు నిడివి గల చిన్న తునకలుగా తీసికొని, ఒక్కొక్క తునకలో ఏ స్థాయి స్వరములు ఎంత బలముగా నున్నవో లెక్కించును. 'ఆ' అన్నప్పుడు నోరు తెరచుకొనును. 'ఈ' అన్నప్పుడు నాలుక ముందుకు లేచును. నోటి ఆకారము మారిన కొలది ధ్వనిలో బలపడు స్వరములు మారును. ఆ గుర్తులను బట్టి అచ్చును, హల్లును ఊహించుట వినికిడికి మొదటి మెట్టు.

ఈ మెట్టును చాల కాలము క్రిందటనే ఎక్కిరి. 1952 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'ఆడ్రీ' అను యంత్రమును నిర్మించిరి. అది సున్న మొదలు తొమ్మిది వరకు గల అంకెల పేర్లను మాత్రమే గుర్తించెడిది. అలవాటైన గొంతు పలికినచో నూటికి తొంబది యేడు మారులకు తగ్గకుండ సరిగా చెప్పెడిది. క్రొత్త గొంతు వచ్చినచో దానికి తగినట్లు యంత్రమును మరల సరిదిద్దవలసి వచ్చెడిది. అంకెకును అంకెకును నడుమ ఆగి పలుకవలెను. పది సంవత్సరముల తరువాత, 1962 లో, ఐ.బి.ఎం. సంస్థ చూపిన చిన్న యంత్రము పదునారు మాటలను గుర్తించి చిల్లర కూడికలు తీసివేతలు చేసెను. చూచినవారు ముచ్చటపడిరి. కాని పదునారు మాటలతో సంసారము సాగునా?

అసలు చిక్కు మనిషి ఆగి ఆగి మాటలాడక పోవుటలో నున్నది. అచ్చుపుస్తకమున మాటకును మాటకును నడుమ ఖాళీ కనబడును. నోట ఆ ఖాళీ లేదు. 'వాడెక్కడున్నాడు' అన్నప్పుడు వాడు, ఎక్కడ, ఉన్నాడు అను మూడు మాటలు ఒక్క ఊపిరిలో కరిగి కలిసిపోవును. సంధి సూత్రములు బడిలో కష్టముగా తోచునేమో గాని, అక్షరము రాని వారును అన్నము తిన్నంత సులువుగా సంధి చేయుదురు. యంత్రమునకు మాత్రము ఆ కలిసిపోయిన ధ్వనిని విడదీయవలసి యుండును. విడదీసిన పిదపను సందేహము తీరదు. 'ఏడు' అనగా అంకెయా, సంవత్సరమా, కంటనీరు పెట్టుమని చెప్పుటయా? మూడింటికిని ధ్వని ఒక్కటియే. మనము సందర్భమును బట్టి తెలిసికొందుము. 'ఏడు గంటలకు బండి' అన్నచో ఏడ్వవలసిన పని లేదని మనకు తెలియును. చెవి సగము వినును. తక్కిన సగమును బుద్ధి పూరించును.

ఈ సంగతినే 1969 లో బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్ పియర్స్ ఒక ఘాటైన లేఖలో వ్రాసెను. భాష యెరిగిన మనిషికి గల తెలివి లేనిదే యంత్రము మాటలను గుర్తించునని ఆశించుట వ్యర్థమని ఆయన వాదము. ఆ లేఖ అనేకుల ఉత్సాహమును చల్లార్చెను. అయితే మరి కొందరికి అదే పనికివచ్చు ప్రశ్న అయ్యెను: ఆ తెలివిని కొంతమేరకైనను యంత్రమునకు ఇచ్చి చూడరాదా?

అట్లు చూచినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడు. దబ్బాల రాజగోపాలరెడ్డిగారు, లోకమునకు రాజ్ రెడ్డిగారు, 1937 లో చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించిరి. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాకు, అటనుండి అమెరికాకు వెళ్ళి, 1966 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. అచ్చటనే, ఆగకుండ పలికిన మాటను కంప్యూటరు చేత గుర్తింపజేయు ప్రయత్నమునకు పూనుకొనిరి. 1969 లో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరిరి.

అచ్చట వారును వారి సహచరులును 1970 దశాబ్దపు తొలి సంవత్సరములలో చేసిన 'హియర్‌సే' అను ఏర్పాటు చదరంగమును ఎంచుకొన్నది. ఆటగాడు తన యెత్తును నోటితో చెప్పును, యంత్రము వినును. ఇందులోని యుక్తి గమనింపదగినది. బల్లపై పావులు నిలిచిన తీరును బట్టి ఆ క్షణమున చెల్లు ఎత్తులు కొన్ని మాత్రమే. ధ్వని అస్పష్టముగా నున్నను, చెల్లని యెత్తులను యంత్రము ముందే త్రోసిపుచ్చి, మిగిలిన వానిలో విన్నదానికి దగ్గరగా నున్న దానిని ఎన్నుకొనవచ్చును. అనగా చెవికి ఆట తోడైనది. ఇంటిలో గోలగా నున్నప్పుడు సైతము 'ఇంకొంచెము చారు' అన్న మాట వడ్డించువారికి వినబడుట ఇట్టిదియే. విస్తరి ముందు కూర్చున్నవాడు అడుగదగినవి ఎన్ని యుండును గనుక!

రెండవ హియర్‌సేలో మరియొక భావన వచ్చెను. ఒక నల్లబల్ల చుట్టును అనేక నిపుణులు కూర్చున్నట్లు ఊహింపుడు. ఒకరికి ధ్వనులు తెలియును, ఒకరికి మాటలు, ఒకరికి వాక్యనిర్మాణము, ఇంకొకరికి విషయము. ఎవరికి తోచిన ఊహను వారు బల్లపై వ్రాయుదురు. ఇతరులు దానిని చూచి బలపరతురు లేదా కొట్టివేయుదురు. ఒక్కరికిని పూర్తిగా తెలియనిది పలువురి సందేహములు కూడగా తేలును. కృత్రిమ మేధ అను శాస్త్రమున 'నల్లబల్ల పద్ధతి' అని నేటికిని చెప్పుకొనునది ఇదియే. ఆ విశ్వవిద్యాలయముననే 1976 లో పూర్తియైన 'హార్పీ' అను ఏర్పాటు 1,011 మాటల పదజాలముతో, నిర్ణీతమైన వ్యాకరణమునకు లోబడిన వాక్యములను నూటికి తొంబదికి పైగా సరిగా గ్రహించెను. అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ 1971 లో పెట్టిన లక్ష్యము వేయి మాటలు. రాజ్ రెడ్డిగారికి 1994 లో, ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

తరువాతి కథ మరియొక దారి తొక్కినది. నియమములను మనిషి వ్రాసి యిచ్చుటకు బదులు, ఎన్నో గంటల ధ్వనిని, దాని ప్రక్కన దాని వ్రాతను ఉంచి, ఏ ధ్వని తరువాత ఏది వచ్చుటకు ఎంత అవకాశమో యంత్రమునే లెక్కించుకొననిచ్చిరి. ఈ మార్గమున ఐ.బి.ఎం.లో ఫ్రెడ్ జెలినెక్, కార్నెగీ మెలన్‌లో జేమ్స్ బేకర్ ముందు నడిచిరి. రాజ్ రెడ్డిగారి శిష్యుడే యగు కై-ఫూ లీ 1988 నాటికి, ముందు పరిచయము లేని గొంతులను సైతము గ్రహించు 'స్ఫింక్స్'ను నిర్మించెను. 2010 తరువాత ఈ లెక్కల స్థానమును న్యూరల్ నెట్‌వర్కులు ఆక్రమించినవి. 2022 లో ఓపెన్ ఏఐ సంస్థ వెలువరించిన 'విస్పర్'కు నేర్పుటకు 6,80,000 గంటల ధ్వనిని వాడిరి. ఇందులో ఇంగ్లీషు కాక తక్కిన 96 భాషలన్నింటికిని, ఆయా భాషలలోనే వ్రాతగా మార్చుట నేర్పుటకు, కలిపి వచ్చినది 1,17,000 గంటలు. పెద్ద విందులో మన విస్తరికి వచ్చిన వంతు ఎంతటిదో పాఠకులు ఊహింపవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఎనిమిది కోట్లకు పైబడిన జనుల మాతృభాష తెలుగు.

గంటలు కూడబెట్టుట ఒక్కటియే చాలదు. అవి ఏ తెలుగు గంటలో చూడవలెను. ఒకే మాటను కోస్తాలో 'వచ్చాడు' అందురు, రాయలసీమలో 'వచ్చినాడు' అందురు, తెలంగాణమున 'వచ్చిండు' అందురు. మేము ఇచ్చట వ్రాయుచున్నట్లు 'వచ్చెను' అని ఎవరును ఇంటిలో అనరు. పుస్తకముల నుండి, వార్తల నుండి మాత్రమే భాష నేర్చిన యంత్రము పొలము గట్టున నిలిచిన రైతు మాటకు బిక్కమొగము వేయును. అక్షరము రాని వారికి ఈ వినికిడి నిజముగా కావలసినది. 2011 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యత సుమారు 67 శాతము. అనగా ఏడేండ్లు దాటిన ప్రతి మువ్వురిలో ఇంచుమించు ఒకరికి చదువు రాదు. వారికి మీటలు నొక్కి వ్రాయు దారి లేదు. నోటి మాట ఒక్కటియే దారి. చదువుకొన్నవాడు యంత్రము వ్రాసిన తప్పును తెరమీద చూచి దిద్దుకొనును. వారు చూచినను చదువజాలరు. కనుక తప్పు విన్న యంత్రము వలన ఎక్కువ నష్టపడువారును వారే.

తప్పులను లెక్కించు పద్ధతి ఒకటి శాస్త్రజ్ఞుల వాడుకలో నున్నది. మారిపోయిన మాటలు, విడిచిన మాటలు, అదనముగా చేరిన మాటలు కలిపి, అసలు పలికిన మాటల సంఖ్యచే భాగింతురు. నూరు మాటలకు అయిదు తప్పులన్నచో మంచి యంత్రమే యని తోచును. కాని తప్పులన్నియు ఒక్క తూకమువి కావు. 'కట్టాను' అనగా డబ్బు చెల్లించితినని. 'కట్టను' అనగా చెల్లింపనని. రెంటికిని భేదము ఒక్క దీర్ఘము. 'పంపాను', 'పంపను' అనునవియు అంతే. 'పదిహేను', 'పదిహేడు' అను మాటలకు చివరి అక్షరము మాత్రమే తేడా. లెక్కలో ఇవి ఒక్కొక్క తప్పే. ఇంటిలో మాత్రము అప్పు తీరినదా లేదా అను తగవు.

ఈ చోటనే మనిషికిని కంప్యూటరునకును నడుమ నడచు వ్యవహారమును పరిశీలించు శాస్త్రము ప్రవేశించును. యంత్రము సిద్ధము కాకముందే దానితో జనులు ఎట్లు మెలగుదురో తెలిసికొనుటకు ఈ శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. 1980 దశాబ్దపు ఆరంభమున ఐ.బి.ఎం. పరిశోధకులు 'వినెడు టైపురైటరు' అను దానిని కొందరి ముందుంచి ఉత్తరములు చెప్పుమనిరి. నిజమునకు అట్టి యంత్రము లేదు. వేరొక గదిలో టైపు చేయు మనిషి విని వ్రాయగా, యంత్రమునకు తెలియుననుకొన్న మాటలు మాత్రమే తెరమీద కనబడునట్లు ఏర్పరచిరి. మన తోలుబొమ్మలాట వంటిదే గాని, ఇచ్చట తెర వెనుక మనిషి యున్నాడని ఎదుటివారికి తెలియదు. ఇట్టి ప్రయోగములకు తరువాత ఒక పిల్లల కథలోని మాంత్రికుని పేరు మీద 'ఓజ్ మాంత్రికుని పద్ధతి' అను పేరు స్థిరపడినది.

యంత్రము తప్పు విన్నప్పుడు మనుష్యులు ఏమి చేయుదురో కూడ పరిశీలించిరి. చెవిటివానితో మాటలాడినట్లు నెమ్మదించి, సాగదీసి, ఒక్కొక్క అక్షరమును ఒత్తి పలుకుదురు. మనిషి విషయమున ఇది మేలు చేయవచ్చును. మామూలు మాటతో నేర్చిన యంత్రమునకు ఆ సాగదీసిన మాట మరింత అపరిచితము. తెలుగున ఈ చిక్కు రెట్టింపగునని మాకు తోచుచున్నది: విసిగి 'కట్టను' అను మాటను సాగదీసినచో అది 'కట్టాను'కు దగ్గర పడును గదా!

ఇంతకంటెను విచిత్రమైన లోపము 2024 లో వెలువడిన ఒక పరిశీలనలో బయటపడినది. విస్పర్ వ్రాసిన ముక్కలలో ఇంచుమించు నూటికి ఒకదానిలో, ఎవరును పలుకని వాక్యములు పూర్తిగా కల్పితములై కనబడినవి. మాట తడబడు జబ్బు గలవారు నడుమ నడుమ చాలసేపు ఆగుదురు. అట్టి వారి మాటలలో ఈ కల్పన హెచ్చుగా నుండెను. సందర్భమును బట్టి ఊహించుటయే వినికిడికి ప్రాణమని పైన చెప్పితిమి. ఆ ఊహయే నిశ్శబ్దమును సైతము నింపివేసినది.

మంచి శ్రోత తనకు సరిగా వినబడలేదని తెలిసినప్పుడు 'ఏమంటిరి?' అని అడుగును. యంత్రమునకును ఆ నేర్పు ఇయ్యవచ్చును. తన యూహకు బలమెంతయో అది అంకెతో లెక్కించుకొనగలదు. బలము చాలనప్పుడును, డబ్బు, మందు వంటి విషయములందును అడుగునట్లు ఏర్పరుపవచ్చును. ప్రతిదానికిని అడిగినచో మనము విసిగి దానిని మూసివేయుదుము గనుక, ఎప్పుడు అడుగవలెనో నిర్ణయించుట అడుగుటకంటె కష్టము. అడుగు తీరు కూడ ముఖ్యము. 'కట్టనంటిరా?' అని విన్న మాటనే తిరిగి పలికినచో వినువానికి అదే గందరగోళము. 'డబ్బు చెల్లించుట అయినదా, ఇంకను కాలేదా?' అని పోలిక లేని మాటలతో అడిగినచో జవాబు స్పష్టముగా వచ్చును. సొమ్ము విషయమున 'పదిహేను వందలు' అని మరల చదువుటకు బదులు 'ఒకటి, అయిదు, సున్న, సున్న' అని అంకె అంకెగా వినిపించి, ఔనన్న తరువాతనే పంపవలెను.