ఇరకం దీవికి బియ్యం ఎప్పుడు చేరాలి?

పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది కదా, 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. తడ దగ్గర భీములవారిపాలెం రేవులో రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి పడవే.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ అంతకుముందు మన తీరం పక్కనుంచే పైకి వెళ్ళింది. అలాంటి గాలిలో పడవ తియ్యలేం. అంటే బియ్యం, తాగునీళ్ళు, మందులు ముందే దీవిలో ఉండాలి. నెలలు నిండిన గర్భిణులు ముందే ఒడ్డుకి వచ్చెయ్యాలి.

ఇంకో సంగతి. గాలి తగ్గాక సరుకులు మోసేదీ చేపలు పట్టే పడవలే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. పడవ పగిలితే సాయమూ ఆగుతుంది, సంపాదనా ఆగుతుంది. నన్నడిగితే, నష్టం రాసేటప్పుడు ఇంటికంటే ముందు పడవ, వల రాయాలి.